గుండెపోటు తర్వాత జ్వరం.. ఎన్నో రోజున?

గుండెపోటు వచ్చిన మర్నాడు చాలామందికి ఒళ్ళు వెచ్చబడుతుంది. స్టెంట్ వేశారు, గండం గడిచింది, ఐసీయూ బయట ఇంటిల్లిపాదీ కాస్త కుదుటపడ్డారు. సాయంత్రం చూడటానికి లోపలికి వెళ్ళిన కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. బయటికొచ్చి ఆ మాట చెప్పగానే వరండాలో మళ్ళీ గుబులు. స్టెంట్ పడలేదేమో, ఇన్ఫెక్షన్ వచ్చిందేమో, ఏసీ చలికి నిమ్ము చేసిందేమో! డ్యూటీ డాక్టరును అడిగితే ‘మామూలే, కంగారు పడకండి’ అని ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోతారు.

ఆ డాక్టరు చెప్పింది నిజమే. కానీ అది ఆ రోజుకు మాత్రమే నిజం. అదే జ్వరం ఆరో రోజున వస్తే చేతికి పెట్టిన సెలైన్ సూది దగ్గర్నుంచి ఊపిరితిత్తుల దాకా వెతకాలి. మూడో వారంలో వస్తే గుండె పైపొరను చూడాలి. ఆర్నెల్ల తర్వాత వానాకాలంలో వస్తే, జ్వరం కన్నా దానికి వేసుకునే మాత్ర గురించి ఎక్కువ భయపడాలి. గుండెపోటు వచ్చిన మనిషికి జ్వరం ఎంత ఉందన్నది రెండో ప్రశ్న. ఎన్నో రోజున వచ్చిందన్నదే మొదటి ప్రశ్న. డిశ్చార్జి చేసేటప్పుడు ఉప్పు తగ్గించమంటారు, నూనె తగ్గించమంటారు, బరువులు ఎత్తొద్దంటారు. జ్వరం వస్తే ఏం చెయ్యాలో చెప్పి పంపడం మాత్రం తక్కువ.

గాయం మానే వేడి

గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోయి అరగంట దాటితే అక్కడి కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కణాలు పగిలి లోపలి సరుకంతా బయటపడుతుంది. శరీరం దాన్ని ప్రమాద సంకేతంగా తీసుకుంటుంది. కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు అక్కడికి చేరి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముమ్మరంగా పనిచేస్తాయి. మూడో రోజు నుంచి మాక్రోఫేజ్‌లు దిగి చచ్చిన కండరాన్ని తినేసి శుభ్రం చేస్తాయి. ఈ పని జరుగుతున్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్తాయి. ఒంటి వేడిని అదుపులో ఉంచే హైపోథలామస్ వాటికి స్పందించి తన మట్టాన్ని పైకి జరుపుతుంది. సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేకుండా వచ్చే జ్వరం ఇది. మోకాలికి దెబ్బ తగిలితే చుట్టూ ఎర్రబడి వెచ్చబడినట్టే ఇదీ. కాకపోతే దెబ్బ తగిలింది గుండెకు కాబట్టి ఆ వేడి ఒళ్ళంతా తెలుస్తుంది.

ఈ జ్వరం సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది. 100.4, మహా అయితే 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్ళి, నాలుగైదు రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. వణుకు ఉండదు. ఆ రోజుల్లో సీబీపీ చేస్తే తెల్లరక్త కణాలు 12,000 నుంచి 15,000 దాకా కనిపించవచ్చు, వాపును చూపే సీఆర్‌పీ కూడా రెండో మూడో రోజుకు బాగా పెరుగుతుంది. ఈ రెండు కాగితాలనే చూసి ఇన్ఫెక్షన్ అనుకుంటే పొరపాటు. అలాగని ‘గుండెపోటు జ్వరమే’ అని తోసెయ్యడమూ పొరపాటే. మనిషిని పరీక్షించాకే ఏదైనా తేల్చాలి.

చచ్చిన కండరం ఎంత ఎక్కువైతే ఈ వేడి అంత ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. వెంటనే యాంజియోప్లాస్టీ జరిగి రక్తం తొందరగా తిరిగి పారినవాళ్ళలో కండరం మిగులుతుంది, జ్వరమూ తక్కువే. కానీ జ్వరం రాలేదు కాబట్టి దెబ్బ చిన్నదేనని ఇంట్లో లెక్కలు కట్టుకోకూడదు. పెద్దవయసులో ఒంటికి వేడి పుట్టించే శక్తే తగ్గుతుంది. డెబ్బై అయిదేళ్ళ మనిషికి 99.5 ఉన్నా, మాట తడబడుతూ అన్నం ముట్టకుండా ఉంటే దాన్ని జ్వరంగానే చూడాలి.

ఒకప్పుడు ఈ జ్వరమే గుండెపోటుకు సాక్ష్యం. 1929లో బోస్టన్ వైద్యుడు శామ్యూల్ లెవీన్ తన సహచరుడితో కలిసి 145 మంది కరోనరీ థ్రాంబోసిస్ రోగుల వివరాలను గ్రంథంగా వేశారు. ఆ కాలంలో గుండెల్లో నొప్పితో వచ్చిన మనిషికి వచ్చింది ఉత్త ఆంజైనానా, కండరం చచ్చిన పోటా అన్నది తేల్చుకోవడానికి డాక్టర్లు థర్మామీటరు మీద, తెల్లకణాల లెక్క మీద ఎంతో ఆధారపడేవారు. ఆంజైనాలో కండరం చావదు, జ్వరం రాదు. రక్తంలో ఎంజైము చూసి గుండెపోటును పట్టుకునే పద్ధతి 1954లో ఎస్‌జీఓటీ పరీక్షతో మొదలైంది. ఇప్పుడు చేసే ట్రోపోనిన్ పరీక్ష ఇంకా చాలా ఏళ్ళకు గానీ రాలేదు. ఈరోజు నర్సు చార్టులో అంకె వేసి పక్కన పెట్టేసే జ్వరం, మన తాతల కాలంలో రోగ నిర్ధారణలో సగం.

జ్వరం దిగినంత మాత్రాన లోపలి పని ముగిసినట్టు కాదు. 1939లో మలోరీ, పాల్ డడ్లీ వైట్ అనే వైద్యుల బృందం గుండెపోటుతో చనిపోయినవారి గుండెలను పరిశీలించి మచ్చ కట్టే వేగాన్ని లెక్కగట్టింది. చిన్న గాయమైతే అయిదు వారాలు, పెద్దదైతే రెండు నెలలు. ఈ గడువులో వాపును అడ్డగోలుగా అణిచేస్తే ఏమవుతుందన్నది వైద్యులను చాలాకాలం వేధించిన ప్రశ్న. 1976లో అమెరికాలో గుండెపోటు రోగులకు మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూస్తే, దెబ్బ తగ్గకపోగా పెరిగినట్టూ, గుండె లయ తప్పడం ఎక్కువైనట్టూ తేలింది. తర్వాతి విశ్లేషణల్లో అంత హాని కనబడకపోయినా, లేత మచ్చ పలచబడి గుండె గోడ ఉబ్బిపోతుందన్న జాగ్రత్త మాత్రం నిలిచిపోయింది. గుండెపోటు వచ్చిన కొత్తలో ఏ కారణానికైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకునే ముందు గుండె డాక్టరును అడగాలన్నది ఇందుకే.

పూర్తిగా అణచకుండా కొంచెం తగ్గిస్తే మేలు జరుగుతుందా అన్న వెతుకులాట ఇంకా సాగుతోంది. 2017లో వెలువడిన క్యాంటాస్ పరీక్షలో అంతకుముందు గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా పాల్గొన్నారు. ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే ఇంజెక్షన్‌తో మళ్ళీ గుండెపోటు, పక్షవాతం లాంటి ఘటనలు సుమారు 15 శాతం తగ్గాయి. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మాత్రం కొంత పెరిగాయి. తర్వాత అందరి చూపూ చౌకగా దొరికే కోల్చిసిన్ మీద పడింది. మన అడవుల్లో పూసే అడవినాభి దుంపలోనూ గింజలోనూ ఉండే మందే అది. 2019లో ఒక పెద్ద పరీక్ష అది మేలు చేసిందంది. 2024లో ఏడువేల మందితో జరిగిన ఇంకో పరీక్ష పెద్దగా ఏమీ చెయ్యలేదంది. దుంప విషం, మాత్రకు కూడా మోతాదు హద్దు చాలా ఇరుకు. పత్రికల్లో చదివి ఎవరూ సొంతంగా మింగకూడదు.

రెండో పోటు కాదు గానీ..

రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి జ్వరంతో పాటు ఛాతీలో నొప్పి మళ్ళీ వస్తుంది. ఇంట్లోవాళ్ళ ప్రాణాలు పైనే పోతాయి. చచ్చిన కండరం గుండె పైపొర దాకా ఉంటే ఆ పొర కూడా వాస్తుంది. ఈ నొప్పికి తనదైన తీరుంది. గట్టిగా గాలి పీలిస్తే పొడుస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, లేచి ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది, కొందరికి మెడ భుజం కలిసే చోటికి పాకుతుంది. ఈ తేడా తెలిసినా ఇంట్లో తేల్చుకోవలసిన విషయం కాదిది. ఈసీజీ, ఈకో చూసి డాక్టరు చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువగా చేజారిపోయే జ్వరం దీని తర్వాతది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని మైమొనిడీస్ ఆసుపత్రిలో పనిచేసిన విలియం డ్రెస్లర్ 1956లో దాన్ని గుర్తించి చెప్పారు, 1959లో 44 మంది రోగుల వివరాలతో స్థిరపరిచారు. గుండెపోటు వచ్చిన ఒకటి నుంచి ఎనిమిది వారాల మధ్య, రోగి కోలుకుని ఇంట్లో తిరుగుతున్న సమయంలో, మళ్ళీ జ్వరం, గాలి పీలిస్తే ఛాతీ నొప్పి, నీరసం, ఒక్కోసారి గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ నీరు. దెబ్బతిన్న గుండె నుంచి బయటపడిన ప్రొటీన్లను శరీరపు రక్షణ వ్యవస్థ పరాయివనుకుని దాడి చేయడం వల్ల ఇది వస్తుందని వైద్యుల భావన. యాంజియోప్లాస్టీ కాలంలో ఇది బాగా అరుదైపోయింది. కానీ పోటు వచ్చిన పన్నెండు గంటలకో, మర్నాటికో ఆసుపత్రికి చేరేవాళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. దెబ్బ పెద్దదయ్యాక వచ్చేవాళ్ళకు ఈ ముప్పు పూర్తిగా పోలేదు. బైపాస్ ఆపరేషన్ తర్వాత కూడా ఇలాంటి జ్వరమే వస్తుంది.

ఊళ్ళో ఈ జ్వరానికి ఏం జరుగుతుందో మనకు తెలుసు. నగరంలో స్టెంట్ వేయించుకుని వచ్చిన మనిషికి మూడో వారంలో జ్వరం. ‘రక్త పరీక్ష’ అంటే వైడాల్. మన దగ్గర టైఫాయిడ్ క్రిములు తగలని ఒళ్ళు తక్కువ కాబట్టి ఆ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావడం మామూలే. ఇక టైఫాయిడ్ ఖాయం. రోజుకో యాంటీబయాటిక్ ఇంజెక్షన్, నీరసం పోవడానికి రెండు సెలైన్లు. దెబ్బతిని సరిగా పిండలేకపోతున్న గుండె మీద ఆ సెలైన్ల నీరంతా పడితే అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, రాత్రికి ఆయాసం మొదలవుతుంది. ఆర్‌ఎంపీ డాక్టర్ల మీద విరుచుకుపడటం నా ఉద్దేశం కాదు, అర్ధరాత్రి తలుపు తడితే లేచేది వాళ్ళే. కానీ గుండెపోటు మనిషికి ఈకో చూడకుండా సెలైన్ బాటిల్ కట్టకూడదన్న ఒక్కమాట ప్రతి ఊరికీ చేరాలి. డ్రెస్లర్ జ్వరానికి మందు ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, కోల్చిసిన్. డాక్టరు రాసి ఇస్తే చాలావరకు కొద్ది రోజుల్లోనే నెమ్మదిస్తుంది.

ఇక ఆసుపత్రిలో ఉండగా అయిదో రోజు దాటి వచ్చే జ్వరాలు, వణుకుతో వచ్చేవి, 102 దాటేవి వేరే జాతి. సెలైన్ సూది గుచ్చిన చోట నరం ఎర్రగా తాడులా గట్టిపడిందా, మూత్రపు గొట్టం వల్ల మంట ఉందా, దగ్గులో కఫం పడుతోందా, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో యాంజియోగ్రామ్ గుచ్చిన చోటు వాచిందా, బైపాస్ అయితే ఎముక కుట్లు, కాలి కుట్లు కారుతున్నాయా అని చూడాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడితే లోపలి సిరలో గడ్డ కట్టి ఉండవచ్చు, దానికీ జ్వరం వస్తుంది. ఇవన్నీ దుప్పటి తీసి చూస్తే తెలిసేవి. పక్కన కూర్చున్న అటెండెంటు రోజుకోసారి చూసి నర్సుకు చెప్పినా ఎంతో ముందుగా దొరుకుతాయి.

‘అన్నా, జ్వరం గోలీ ఇయ్యి’

మెడికల్ షాపులో ఈ మాట అనగానే కౌంటరు మీదికి వచ్చే మాత్ర చాలాసార్లు ఒట్టి పారాసిటమాల్ కాదు. పారాసిటమాల్‌తో ఐబుప్రొఫెనో, అసెక్లోఫెనాకో, డైక్లోఫెనాకో కలిపినది. లేదా నిమెసులైడ్. జ్వరం గంటలో దిగుతుంది, ఒంటి నొప్పులు పోతాయి, మంచి మందు అనిపించుకుంటుంది. గుండెపోటు వచ్చిన మనిషికి ఇవి ఎందుకు పనికిరావో డెన్మార్క్ దేశపు రికార్డులు చెప్పాయి. గుండెపోటు నుంచి బయటపడిన 83 వేల మందికి పైగా రోగుల మందుల చీటీలను పరిశోధకులు ఏళ్ళ తరబడి వెనక్కి వెళ్ళి చూశారు. 2011లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, ఇలాంటి నొప్పి మాత్రలు కొద్ది రోజులు వాడినా మరణం, మళ్ళీ గుండెపోటు రెండూ పెరిగాయి. డైక్లోఫెనాక్‌తో ఆ ముప్పు మొదటి వారంలోనే కనిపించింది. 2015లో అదే దేశం నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంలో, రక్తం పలచబడే మందులు వాడుతూ ఈ మాత్రలు కూడా వేసుకున్నవాళ్ళలో రక్తస్రావం దాదాపు రెట్టింపైంది, అదీ మొదటి మూడు రోజుల నుంచే. ఐబుప్రొఫెన్‌తో ఇంకో చిక్కుంది. ఆస్పిరిన్ కన్నా ముందే వేసుకుంటే, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల మీద అతుక్కోవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. రోజూ తప్పకుండా వేసుకుంటున్న ఆస్పిరిన్ ఆ పూట పనిచెయ్యదు.

పిరుదుకు వేసే జ్వరం ఇంజెక్షన్ కూడా అంతే. అందులో తరచూ ఉండేది డైక్లోఫెనాకే. పైగా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ వాడుతున్న ఒంట్లో కండరంలోకి సూది గుచ్చితే లోపల రక్తం గూడు కట్టి పెద్ద గడ్డ కావచ్చు. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడకు కలిపే ఫినైలెఫ్రిన్ బీపీ పెంచుతుంది. యాంటీబయాటిక్‌లలో అజిత్రోమైసిన్ కొందరిలో గుండె లయను తప్పిస్తుంది. క్లారిత్రోమైసిన్ అటోర్వాస్టాటిన్‌తో కలిస్తే కండరాలు దెబ్బతినవచ్చు, టికాగ్రెలార్‌తో అయితే అసలు కలపకూడదు. షాపువాడికి ఇవన్నీ తెలియాలని ఆశించలేం. డిశ్చార్జి కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవడం, ఎక్కడికి వెళ్ళినా ముందు అది చూపించి తర్వాత జ్వరం సంగతి చెప్పడం మన చేతిలో పని.

మరి ఏం వేసుకోవాలి? ఒట్టి పారాసిటమాల్, 500 లేదా 650 మిల్లీగ్రాములది, ఆరు గంటలకు తక్కువ కాకుండా ఎడం ఇచ్చి. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే. మాత్ర వేసుకోబోయే ముందు జ్వరం చూసి, టైముతో సహా రాసి పెట్టుకోవాలి. ఆ చీటీలోని నాలుగు అంకెలు డాక్టరుకు చాలా చెబుతాయి. జ్వరాన్ని తగ్గించడం సుఖం కోసమే కాదు, గుండె కోసం కూడా. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, ఆక్సిజన్ అవసరం పదో వంతు పైగా పెరుగుతుంది. మామూలు గుండె దాన్ని లెక్కచెయ్యదు. మచ్చ పడిన గుండెకు అది బరువే.

మన ఇళ్ళలో జ్వరమంటే లంఖణం. ‘లంఖణం పరమౌషధం’ అని పెద్దవాళ్ళు గంజి కూడా ముట్టరు. కడుపులో ఏమీ లేకుండా ఇన్ని మాత్రలెలా మింగడమని ఉదయం మాత్రలు పక్కన పెట్టేస్తారు. ఆ మాత్రల వేడికే జ్వరం వచ్చిందని పూర్తిగా మానేసేవాళ్ళూ ఉన్నారు. స్టెంట్ వేసిన మొదటి నెలల్లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. అది వచ్చినవాళ్ళలో బతికి బయటపడనివాళ్ళు చాలామంది. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా మానినా గుండె ఎదురు తిరుగుతుంది. ఇందుకు భిన్నంగా, షుగరు మాత్రలు మాత్రం తిండి లేకుండా వేసుకోకూడదు. వాంతులూ విరేచనాలూ ఉంటే డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, నీరు తీసే మాత్రలను కొద్ది రోజులు ఆపమని డాక్టరు చెప్పవచ్చు. ఏది ఆపాలో ఏది ఆపకూడదో ఫోన్ చేసి అడగడానికి సిగ్గుపడొద్దు.

కొబ్బరి నీళ్ళ విషయం కూడా చెప్పుకోవాలి. జ్వరం మనిషిని చూడటానికి వచ్చే ప్రతి చుట్టమూ రెండు బోండాలు తెస్తాడు. వాటిలో పొటాషియం ఎక్కువ. రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి గుండె మాత్రలు వాడేవాళ్ళ రక్తంలో పొటాషియం ముందే ఎక్కువగా ఉండవచ్చు, వాళ్ళు డాక్టరును అడిగాకే తాగాలి. గుండె నీరసించి నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళకు ‘బాగా నీళ్ళు తాగు’ అన్న సలహా కూడా కొలతతోనే.

ప్లేట్‌లెట్లు పడితే

వానలు ముదిరాక తెలుగు నేలంతా డెంగీ. స్టెంట్ వేసి మూడు నెలలే అయిన మనిషికి ఎన్‌ఎస్1 పరీక్ష పాజిటివ్ వస్తే గుండె డాక్టరుకు కూడా నిద్ర పట్టదు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఆస్పిరిన్ పనికిరాదని డాక్టర్లే చెబుతారు. స్టెంటుకేమో ఆస్పిరిన్ ఆపకూడదు. ఈ రెండింటి మధ్య దారి ఒక్కో రోగికి ఒక్కోలా ఉంటుంది. స్టెంట్ వేసి ఎన్నాళ్ళైంది, ఎక్కడ వేశారు, ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయి, రోజుకెంత పడుతున్నాయి, చిగుళ్ళలోనో మలంలోనో రక్తం కనిపిస్తోందా, ఇవన్నీ చూసి ఒక మందు ఆపుతారో, రెండూ ఆపుతారో, రెండూ సాగిస్తారో నిర్ణయిస్తారు. ఇంట్లో నిర్ణయించడానికి వీల్లేని విషయం ఏదైనా ఉందంటే ఇదే. బొప్పాయి ఆకు రసం తాగించి రెండు రోజులు చూద్దామనుకునే వ్యవధి స్టెంట్ ఉన్నవాళ్ళకు లేదు. మొదటి రోజే సీబీపీ చేయించి గుండె డాక్టరుకు చెప్పాలి. మలం నల్లగా వస్తే, ఆయాసం వస్తే, ఛాతీ నొప్పి వస్తే, సొమ్మసిల్లితే ఫోన్ చేయాల్సింది చుట్టాలకు కాదు, 108కి.

ఇంకో దారిలోనూ జ్వరానికీ గుండెకూ లంకె ఉంది. ముందు జ్వరం, తర్వాత గుండెపోటు. కెనడాలోని ఒంటారియోలో ఫ్లూ సోకినట్టు పరీక్షలో తేలినవాళ్ళ రికార్డులు చూస్తే, ఆ మొదటి వారం రోజుల్లో గుండెపోటు మామూలు రోజులకన్నా ఆరు రెట్లు ఎక్కువగా వచ్చినట్టు 2018లో వెల్లడైంది. ఒళ్ళంతా వాపు రసాయనాలు తిరుగుతుంటే ధమని గోడలోని పాత కొవ్వు పూత పగలడం సులువు, రక్తమూ సులువుగా గడ్డకడుతుంది. ఒకసారి పోటు వచ్చినవాళ్ళకు ఈ ముప్పును ముందే అడ్డుకోవచ్చా అని స్వీడన్ వైద్యులు మొదలుపెట్టిన పరీక్షలో మన పక్కనున్న బంగ్లాదేశ్ రోగులు కూడా చేరారు. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉండగానే, 72 గంటల లోపు ఫ్లూ టీకా వేశారు. 2,500 మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాదిలో చనిపోయినవాళ్ళు టీకా వేసినవారిలో 2.9 శాతం, వేయనివారిలో 4.9 శాతం.

స్టెంటుకు లక్షలు ఖర్చు పెడుతున్న చోట ఈ టీకా మన ఆసుపత్రుల్లో ఇంకా అందరికీ అలవాటు కాలేదు. డిశ్చార్జి రోజునే అడగండి. అప్పుడు కుదరకపోతే వానాకాలం రాకముందు, ఆపైన ఏటా. రక్తం పలచబడే మందులు వాడుతున్నారని టీకా వేసేవాళ్ళకు చెబితే సన్నసూదితో వేసి, ఆ చోటును కొన్ని నిమిషాలు రుద్దకుండా నొక్కి పట్టుకుంటారు. చెయ్యి కాస్త నొప్పెడుతుంది, కొందరికి ఒంట్లో కొంచెం వెచ్చగా ఉంటుంది. ఆ జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అవసరమైతే ఒక పారాసిటమాల్ వేసుకోవచ్చు. మూడో రోజు కూడా ఉంటే మాత్రం అది టీకా జ్వరం అనుకోకుండా డాక్టరుకు చూపించండి.